మేకుకి లేని తాళం

ఆరో రోజు పొద్దున మేకుకి తాళం లేదు.

ఏ ఆరో రోజు, ఏ తాళం అని అడుగుతారు. చెప్తాను, కాస్త ఆగండి. ఆగడం నాకు చేతకాదు గానీ మిమ్మల్ని ఆగమంటున్నాను. జగ్గయ్యపేట బజార్లో నాది స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెను రెండుసార్లు తిప్పి చూసిన వాళ్లను మూడోసారి చూడనివ్వను. అందుకే వెనకాల నన్ను ఆవాల జగన్నాథరావు అంటారు. నూనె కాగకముందే చిటపటలాడతానట. అననివ్వండి, నిజమే కదా.

ఆరో రోజంటే మా మనవరాలు పుట్టిన ఆరో రోజు. రెండు వేల మూడు, మే నెల, ఎండలు మాడ్చేస్తున్నాయి. మా అమ్మాయి కృష్ణప్రియ బెజవాడ ఆసుపత్రిలో ప్రసవించి, మూడో రోజున బిడ్డతో మా ఇంటికి వచ్చింది. నా భార్య పోయి ఎనిమిదేళ్లయింది. బాలింతనూ బిడ్డనూ చూసుకునేది ఎనభై దాటిన మా అమ్మ ఆండాళమ్మ. రోజూ పొద్దున వచ్చి ఇద్దరికీ నీళ్లు పోసి, పక్కలు మార్చి వెళ్లేది ఆరోగ్యమ్మ. నేను చూసుకునేది కారును. నవ్వకండి, ఆ ఇంట్లో నా పని అదే.

ఎందుకంటే అంతకు రెండేళ్ల ముందు ఇదే ఇంట్లో కృష్ణప్రియ మొదటి బిడ్డ, మగపిల్లాడు, తొమ్మిదో రోజున పోయాడు. మధ్యాహ్నం పాలు తాగలేదు. కాసేపటికి పెదాలు నీలంగా మారాయి. ఊళ్లో డాక్టరు చూసి ఇక్కడ కుదరదు, వెంటనే బెజవాడ తీసుకెళ్లమన్నాడు. అసలే ముహూర్తాల రోజులు, టాక్సీలన్నీ పెళ్లిళ్లకు పోయాయి. యాభై నిమిషాలు టాక్సీ స్టాండులో నిలబడి కనబడ్డ ప్రతివాడి మీదా అరిచాను. చివరికి ఒకటి దొరికింది. నందిగామ పొలిమేరలో, మా అమ్మాయి ఒళ్లోనే, పిల్లాడు ఊపిరి వదిలేశాడు. అప్పుడు నా చేతి గడియారంలో మూడూ పది. ఊపిరితిత్తుల్లో లోపముందట, ముందే తెచ్చినా బతికేవాడో లేదో అని బెజవాడ డాక్టరు తర్వాత అన్నాడు. బతికేవాడో లేదో అన్నాడు గానీ బతికేవాడు కాదు అనలేదు. ఆ యాభై నిమిషాలు అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

రెండు నెలలు తిరక్కుండా కారు కొన్నాను. పాతదే, బెజవాడలో ఒక ఆసామి దగ్గర. యాభయ్యారేళ్ల వయసులో, ఊరంతా చూసి నవ్వుతుంటే, డ్రైవింగ్ నేర్చుకున్నాను. కారును దొంగలు ముట్టుకోకుండా ఆ ఆసామి దానికి ఏదో మిషను బిగించి పెట్టాడు. తాళానికి నల్లటి రిమోట్, దానికి ఒక్కటే గుండీ. ఒకసారి నొక్కితే కారు కుయ్ మని ఒక్క కూత కూసి తలుపులు మూసుకుంటాయి. మళ్లీ నొక్కితే కుయ్ కుయ్ మని రెండు కూతలు కూసి తెరుచుకుంటాయి. ఆ రిమోట్ లేనిదే ఇంజను స్టార్టు కాదు. ఆసామి నాకిచ్చింది ఒక్క తాళమే, రెండోది ఎక్కడో పోయిందన్నాడు. ఇంకోటి చేయించాలి, చేయించాలి అనుకుంటూనే రెండేళ్లు గడిపేశాను. నా తెలివి అలాంటిది.

బిడ్డ ఇంటికొచ్చిన రోజు నుంచీ కారును రోడ్డు వైపు తిప్పి పెట్టాను. ట్యాంకు నిండుగా కొట్టించాను. తాళం వీధి గుమ్మం పక్కన మేకుకి తగిలించి, వస్తూ పోతూ దాన్ని చేత్తో ముట్టుకునేవాణ్ని. ఆరో రోజు పొద్దున పళ్లు తోముకుని వస్తూ చెయ్యి పెడితే ఉత్త మేకు తగిలింది.

మొదట కోపం వచ్చింది, నాకు ఏదొచ్చినా ముందు కోపమే వస్తుంది. ఎవరు తీశారని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అమ్మ పప్పు ఏరుకుంటూ తల ఎత్తలేదు. బీరువాలు, చొక్కా జేబులు, బియ్యం డబ్బా, చెత్తబుట్ట అన్నీ వెతికాను. ఒక్క పురుటి గదిలోకి మాత్రం వెళ్లలేదు. పురుడు వెళ్లేదాకా ఆ గదిలోకి నేను అడుగు పెట్టకూడదు, గుమ్మం దగ్గర్నుంచే చూసి రావాలి. అయినా నేను వెళ్లని గదిలోకి తాళం ఎలా వెళ్తుంది అనుకున్నాను. గంట గడిచేసరికి కోపం దిగిపోయింది, దాని కింద ఉన్న భయం బయటపడింది. ఇవాళ ఆరు. తొమ్మిదికి ఇంకా మూడు రోజులు.

పదకొండింటికి వరండాలో కూలబడి ఉండగా, నా కళ్లెదురుగానే, కారు కుయ్ కుయ్ అంది.

చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. ఆ ఎండకు రోడ్డు మీద కుక్క కూడా తిరగడం లేదు. మెల్లగా వెళ్లి తలుపు లాగాను, తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. ఎవడి చేతిలోనో నా తాళం ఉంది, వాడెక్కడో దాక్కుని నన్ను చూస్తూ నొక్కుతున్నాడు. అప్పుడు నాకు తోచింది ఇదొక్కటే. గోడ అవతలా, ఎదురింటి సందులోనూ వెతికాను. తిరిగొచ్చి మెట్టెక్కుతుంటే వెనక నుంచి మళ్లీ కుయ్ అంది. ఈసారి తలుపులు మూసుకున్నాయి.

అది మొదలు రెండు మూడు గంటలకోసారి అదే వరస. మధ్యాహ్నం రెండున్నరకు, సాయంత్రం అయిదు దాటాక, మళ్లీ దీపాలు పెట్టే వేళకు. ఒకోసారి తెరుచుకునేది, ఒకోసారి మూసుకునేది. దొంగైతే కారు ఎత్తుకుపోవాలి కదా, ఈ ఆటలేంటి? కారుతో పనిలేని వాడైతే మరి దేనికోసం వస్తున్నాడు? ఇంట్లో ఉన్నది ముసలామె, బాలింత, పసిగుడ్డు. నాకు నిజంగా భయం వేసింది. కొట్టు షట్టరుకు వేసే గొలుసు తెచ్చి కారు ముందు చక్రాన్ని కిటికీ ఊచకు కట్టి పెద్ద తాళం కప్ప వేశాను. కొట్టు తెరవలేదు. టాక్సీ స్టాండుకు వెళ్లి తొమ్మిదో రోజుకు ఒక కారు మా ఇంటి ముందే నిలబెట్టమని బతిమాలాను. మళ్లీ ముహూర్తాలే, బళ్లన్నీ పెళ్లివాళ్లకు కుదిరిపోయాయన్నారు. రెండేళ్ల కిందట విన్న మాటే మళ్లీ చెవిన పడింది.

ఏడో రోజు పొద్దున నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆరోగ్యమ్మ పని ముగించుకుని వెళ్తుంటే గుమ్మంలో ఆపాను. బయటి నుంచి వచ్చే మనిషి ఆవిడొక్కతే. సంచి దులపమన్నాను. ఆవిడ నా మొహం వంక ఒకసారి చూసింది. సంచి తిరగేసి నేల మీద దులిపింది. సున్నిపిండి పొట్లం, దువ్వెన, చిన్న ఆముదం సీసా, మూడు నాలుగు పాత గుడ్డలు పడ్డాయి. మళ్లీ అన్నీ ఏరుకుని సంచిలో పెట్టుకుని, రేపు ఎండెక్కకముందే వస్తానండి అని చెప్పి వెళ్లిపోయింది. అమ్మ తలుపు చాటు నుంచి అంతా చూస్తూ నిలబడింది. నన్ను తిట్టాల్సింది పోయి అమ్మ అలా ఊరుకోవడం చూస్తే నాకు ఇంకా భయమేసింది.

ఎనిమిదో రోజు బస్సెక్కి నందిగామ వెళ్లాను. హైవే పక్కన భవానీప్రసాద్ అనే కుర్రాడు కార్ల తాళాలు, రిమోట్లు బాగు చేస్తాడని కొట్టు పక్కాయన చెప్పాడు. దారిలో ఆ పొలిమేర వచ్చింది. కళ్లు మూసుకుందామనుకున్నాను గానీ మూతపడలేదు.

ఇక్కడ ఇంకో సంగతుంది. దాన్ని దాటేసి కథ చెప్పేద్దామనుకున్నాను, కుదిరేలా లేదు. మొదటి బిడ్డప్పుడు మా అమ్మ పిల్లాడి పక్క కింద అడకత్తెర పెట్టింది. పసిబిడ్డ దగ్గర ఇనుము ఉండాలని ఆవిడ పట్టు. ఏడో రోజున గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే ఆ అడకత్తెర కొస నా కంటబడింది. పసిగుడ్డు దగ్గర కత్తులేంటి, తెగితే ఎవడిది బాధ్యత, ఇరవయ్యొకటో శతాబ్దంలోకి వచ్చి కూడా ఈ చాదస్తం ఏంటి అని నానా మాటలూ అన్నాను. కృష్ణప్రియ కూడా నవ్వింది. నేనే అమ్మ చేత దాన్ని తీయించి పెరట్లోకి విసిరేశాను. రెండు రోజులకు పిల్లాడు పోయాడు. నీ వల్లే అని అమ్మ ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే గట్టిగా దెబ్బలాడి ఉండేవాణ్ని. అనలేదు కాబట్టి ఆ మాట నాలోనే ఉండిపోయింది.

భవానీప్రసాద్ ముప్పై లోపు మనిషి, నెమ్మదస్తుడు. సంగతంతా విని, కారు తలుపు తాళం విప్పి చూస్తే గానీ కొత్త తాళం కొయ్యలేనన్నాడు. చేతిలో పని ఉంది, మర్నాడు పొద్దున వస్తానన్నాడు. ఇవాళే రమ్మని ముందు గద్దించాను, తర్వాత బతిమాలాను. కుదరదన్నాడు. మర్నాడంటే తొమ్మిదో రోజు.

ఆ రాత్రి నిద్రెక్కడిది. పొద్దున్నే లేచి గేటు దగ్గరే నిలబడ్డాను. అతను పదింటికి స్కూటర్ మీద సంచీ వేసుకుని దిగాడు. చక్రానికి కట్టిన గొలుసు చూసి నవ్వు ఆపుకున్నాడు. తలుపు తాళం విప్పి, ఆకురాయితో కొత్త తాళం అరగదీస్తూ కూర్చున్నాడు. నేను గంటకు అరవైసార్లు గడియారం చూశాను. పన్నెండున్నరకు అతను సీటు కింద తల పెట్టి వైర్లు చూస్తుండగా కారు ఉన్నట్టుండి కుయ్ కుయ్ అంది. అతను తల బయటికి తీసి నా చేతుల వంక చూశాడు. నేను ఖాళీ చేతులు చూపించాను.

"ఇది పాత రిమోట్ పనే బాబాయిగారూ. ముప్పై అడుగులు దాటితే దాని సిగ్నల్ అందదండి. గోడలు అడ్డముంటే అదీ ఉండదు. ఎవరి దగ్గరుందో గానీ, వాళ్లు రోడ్డు మీద లేరు. మీ ఇంట్లోనే ఉన్నారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూడు రోజులుగా నేను వీధిలో వెతుకుతున్నవాడు ఇంట్లో ఉన్నాడా? బిడ్డ పడుకున్న ఇంట్లోనా? తలుపు వెనక ఉండే దుడ్డుకర్ర తీసుకుని లోపలికి పరిగెత్తాను. అటక మీద చూశాను. వంటింట్లో, స్నానాల గదిలో, పెరట్లో కట్టెల చాటున చూశాను. ఎవరూ లేరు. ఇక మిగిలింది పురుటి గది ఒక్కటే. గాలి తగలకూడదని అమ్మ ఆ గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచుతుంది. టేబుల్ ఫ్యాను గోలకు లోపల బయటి చప్పుడేదీ వినబడదు. తలుపు తోశాను.

కృష్ణప్రియ బిడ్డకు పాలిచ్చి మళ్లీ పడుకోబెడుతోంది. బిడ్డను చిన్న బొంత మీద పెట్టి, ఎడం మోచెయ్యి బొంత అంచున ఆనించి, తల కింద గుడ్డ సరిచేసింది. ఆ మోచెయ్యి ఆనగానే బయట కారు కుయ్ అంది.

కర్ర నా చేతిలోంచి జారిపోయింది. గుమ్మం దాటాను. మైల గియిల ఏమీ గుర్తు రాలేదు. మోకాళ్ల మీద కూలబడి బొంత అంచు ఎత్తాను. తెల్లటి పాత గుడ్డలో చుట్టి, పైన కాస్త పసుపు అద్ది, నా తాళం ఉంది. చెయ్యి చాపాను. మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. ఆ అడకత్తెర రోజున నాతో కలిసి నవ్విన పిల్ల అది, ఎమ్మెస్సీ చదివిన పిల్ల.

"నాన్నా, తియ్యకు," అంది. "ఇవాళ్టికి తియ్యకు."

వెనక గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. కేకలకు సిద్ధపడినట్టు కొంగు గట్టిగా బిగించుకుని ఉంది. నాకు కేక రాలేదు. ఎందుకమ్మా అని మాత్రం అన్నాను.

"అడకత్తెర పెడితే విసిరేస్తావు," అంది అమ్మ. "కత్తి పెట్టినా, మేకు పెట్టినా విసిరేస్తావు. ఈ ఇంట్లో నువ్వు విసరలేని ఇనుము ఇదొక్కటేరా. నువ్వు దాన్ని ముట్టుకుని దణ్ణం పెట్టుకోవడం రోజూ చూస్తున్నా కదా. రేపు పొద్దున మేకుకి తగిలించేద్దామనుకున్నా. ఈలోగా అవసరమే పడితే నా చేత్తో నేనే తీసిచ్చేదాన్ని."

బొంత కింది తాళం వల్లే కారు కూస్తోందని వాళ్లకు తెలియనే తెలియదు. నేను తాళం పోయిందని గంతులేస్తున్నానని తెలుసు గానీ, దొంగ తిరుగుతున్నాడని వణికిపోతున్నానని నేనెవరికి చెప్పాను? అరవడం తప్ప చెప్పడం నాకేనాడు వచ్చింది? ఆరోగ్యమ్మకు కూడా తెలుసని అమ్మ నెమ్మదిగా చెప్పింది. రోజూ పక్క మార్చేటప్పుడు దాన్ని తీసి, మళ్లీ బొంత కింద పెట్టేది ఆవిడేనట. నేను సంచి దులపమన్నప్పుడు కూడా ఆవిడ నోరు మెదపలేదు, చెప్తే నేను తీసేస్తానని. నేల మీద పడ్డ ఆ ఆముదం సీసా, ఆ గుడ్డలు గుర్తొచ్చి నాకు తల కొట్టేసినట్టయింది. రేపు పొద్దున ఆవిడకు ఏ మొహం చూపించాలో తెలియలేదు.

బిడ్డ వంక చూశాను. అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పిడికిళ్లు బిగించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. రెండుసార్లు చూసి నిజమేనని నమ్మకం కుదిరాక, బొంత అంచు ఎలా ఉన్నది అలా దింపేసి బయటికి వచ్చాను.

భవానీప్రసాద్ లేచి నిలబడి దొరికిందాండి అని అడిగాడు. దొరకలేదు, కొత్తది కానివ్వు అన్నాను. అతను నా మొహం చూసి మళ్లీ ఆకురాయి అందుకున్నాడు. రెండింటికల్లా తాళం తయారైంది, కారు స్టార్టయింది. ఆ ఇంజను చప్పుడు విని నేను చక్రం గొలుసు విప్పుతూ కళ్లు తుడుచుకున్నాను. చివర్లో అతను డ్యాష్ బోర్డు కింద చెయ్యి పెట్టి ఇలా అన్నాడు.

"కొత్త రిమోట్ ఎక్కించేశానండి. పాతదాన్ని చెరిపేస్తా. ఇహ అది ఎవరి చేతిలో ఉన్నా, ఎంత నొక్కినా కారు పలకదు."

"చెరపొద్దు," అన్నాను. "పలకనీ."

అతన్ని పంపించి వరండాలో కుర్చీ వేసుకున్నాను. చేతిలో కొత్త తాళం, ఎదురుగా కారు. లోపలికి వెళ్లి మాటిమాటికీ చూస్తే బాలింత బెదురుతుందని అమ్మ ముందే చెప్పింది. రెండున్నరకు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయి ఇల్లంతా చప్పుడు లేకుండా అయిపోయింది. పన్నెండున్నరప్పుడు బిడ్డ పాలు తాగి పడుకున్నాక కారు మళ్లీ కూయలేదు. రెండు గంటలకోసారి లేచే బిడ్డ ఇంకా ఎందుకు లేవలేదు?

మూడయింది. మూడు రోజుల పాటు ఏ కూత వింటే ఒళ్లు జలదరించిందో, ఇప్పుడు ఆ కూత కోసమే చెవులు రిక్కించి కూర్చున్నాను. మూడూ అయిదు. లేచి వెళ్లి చూడొచ్చు కదా అంటారు. కాళ్లు రాలేదండీ. వెళ్లి చూస్తే ఏం కనబడుతుందోనని, కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుండిపోయాను. మూడూ పది అయింది. గడియారం ఉన్న చెయ్యి తొడ కింద పెట్టేసుకున్నాను. తాళం పళ్లు అరచేతిలో దిగబడుతున్నా పిడికిలి విప్పలేదు. ఇష్టమైన దేవుళ్లందరినీ తలుచుకున్నాను. నేను విసిరేసిన ఆ అడకత్తెరను కూడా తలుచుకుని తప్పయిపోయిందన్నాను.

కారు కుయ్ కుయ్ అంది.

వెంటనే లోపల్నుంచి బిడ్డ ఏడుపు, కృష్ణప్రియ ఏదో బుజ్జగించడం సన్నగా వినిపించాయి. గడియారం చూస్తే మూడూ పద్దెనిమిది. నేను లేవలేదు. కాసేపు అలాగే కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. తర్వాత కొత్త తాళం గుండీ నొక్కి కారు తలుపులు మూశాను, వాళ్లు మళ్లీ తెరవాలి కదా.